మళ్ళొస్తా గారికి దొరకని తప్పు

మళ్ళొస్తా గారు ఏ మెనూనీ ఒక్క చూపులో ఒప్పుకున్న మనిషి కాదు. ప్రభుత్వం సగం ఖర్చు భరించే పిల్లల సంరక్షణ కేంద్రాల్లో భోజనాలు పోషకాహార నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూడటం ఆయన ఉద్యోగం. వారం మెనూ చేతికివ్వగానే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకి ఆనించి, ఎక్కడో ఒకచోట ఎర్ర సున్నా చుట్టి, "దిద్ది ఉంచండి, మళ్ళొస్తా" అనేవారు. అసలు పేరు ఆయన ఆఫీసులోనైనా ఎవరికైనా గుర్తుందో లేదో!

ఆఫీసు మూసినా ఆయన కన్ను మూతపడేది కాదు. ఒక పెళ్ళి విందులో బల్లంతా కలయజూసి, "ఇక్కడ ఆకుపచ్చగా ఉన్నది పెళ్ళికూతురి తమ్ముడి చొక్కా ఒక్కటే" అని తేల్చారు. ఆపరేషనయ్యాక మత్తు వదిలీ వదలకముందే, మంచానికి తగిలించిన ఆహారం చీటీ దిద్దబోతే నర్సు కలం లాక్కుంది. "పండ్లరసాన్ని పండు కింద రాశారమ్మా!" అని ఆయన గోల.

"పెళ్ళయిన నాటి నుంచీ నా వంట బాగుందన్న పాపాన పోలేదు" అని ఆయన భార్య ఒకసారి బజార్లో కనిపించిన వంటక్కతో మొరపెట్టుకుంది.

"తింటారా అమ్మగారూ?"

"తినకేం! గిన్నె కడిగే పని లేకుండా తింటారు."

ఈ వంటక్క కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ వెనకున్న రెండు గదుల కేంద్రంలో వంటమనిషి. అక్కడ కుట్టే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమెకి అప్పజెప్పి పనిలోకి పరుగెత్తేవారు. మళ్ళొస్తా గారంటే ఆమెకి ఒళ్ళు మంట, లోపల బెదురు. తప్పులు పోగైతే వంటగదికి తాళం వేస్తారనీ, ఆ పిల్లలు ఎండు రొట్టెతో సరిపెట్టుకోవాలనీ ఆమె భయం.

"పండు అని రాశారు. ఏ పండు?"

"బజార్లో ఏది బాగుంటే అది సార్."

"బజారొచ్చి సంతకం పెడుతుందా అమ్మా? పేరు రాయండి. మళ్ళొస్తా."

అన్నట్టే వచ్చారు.

"అరటిపండు, సరే. రెండేళ్ళ లోపు పిల్లలకి వెన్న తీయని పాలని రాయలేదే?"

"ఇస్తున్నాను సార్! అదిగో, వాడు తాగుతున్నాడు!"

"వాడు తాగుతున్నాడు. కాగితం తాగట్లేదు. మళ్ళొస్తా."

ఇన్ని వంకలు పెట్టి వెళ్ళిపోయేవారా? లేదు. పిల్లల బుల్లి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చుని, వాళ్ళతోపాటు తిని, చిక్కుళ్ళు మారు అడిగేవారు. "వంకలు పెట్టే నోటికి ఆకలెక్కువ" అని వంటక్క పొయ్యి దగ్గర గొణుక్కునేది.

ఇంతలో పక్కవీధి కేంద్రం మూతపడింది. తర్వాత వంతు తమదేననుకుంది వంటక్క. నిబంధనల పుస్తకం ముందేసుకుని, ఆయన ఇదివరకు చుట్టిన సున్నాలన్నీ గుర్తుచేసుకుని, వంక పెట్టలేని మెనూ తయారుచేసింది.

"చూడండి సార్. ఈసారి మీ కలానికి పని లేదు."

ఆయన పైనుంచి కిందికి చదివారు. కింది నుంచి పైకి చదివారు. కళ్ళజోడు మొదటిసారి నుదుటి నుంచి కళ్ళ మీదికి దిగింది.

"పొట్టు తీయని గోధుమ రొట్టె?"

"రోజూ ఉంది."

"ఉప్పు?"

"తగ్గించాను."

"పండు?"

"అరటి. పేరుతో సహా!"

ఆయన బుల్లి కుర్చీలో కూలబడి, "కొంప ముంచారమ్మా!" అన్నారు.

"అదేంటి సార్?"

"పిల్లలు తక్కువున్న కేంద్రాలన్నీ మూసెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పక్కవీధి మెనూ చూసిన వేరే ఆఫీసరు అంతా బాగుందని రాశాడు, వెంటనే తాళం పడింది. దిద్దుబాటు పెండింగ్‌లో ఉన్నచోట మాత్రం మూయకూడదని రూలు. ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు దిగుతాయట, పిల్లలు పెరుగుతారు. అందాకా ఎలాగో లాక్కొద్దామనుకున్నా. మీ వంటకి వంక పెట్టడానికి నాకు నోరు రాదు. అందుకే కాగితానికి పెడుతూ వచ్చా."

ఇన్నాళ్ళూ గొణిగిన గొణుగుళ్ళన్నీ గుర్తొచ్చి వంటక్క సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. చటుక్కున కాగితం లాక్కుంది.

"ఏ తప్పు కావాలి సార్? రేపు ఉప్పు ఎక్కువెయ్యనా?"

"అయ్యయ్యో! తప్పు కంచంలో వద్దు. కాగితంలో చెయ్యండి."

మంచి వంటమనిషికి తప్పు చేయడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. చాలాసేపు ఆలోచించి, చివరికి 'అరటి' అన్న మాట కొట్టేసి 'పండు' మాత్రం ఉంచింది.

కళ్ళజోడు మళ్ళీ నుదుటికెక్కింది. ఎర్ర సున్నా పడింది.

"ఏ పండు?"

"బజార్లో ఏది బాగుంటే అది సార్."

"ఎంత నిర్లక్ష్యమమ్మా!" అంటూ ఆయన సంబరంగా కంచం దగ్గరికి లాక్కున్నారు. "దిద్ది ఉంచండి. మళ్ళొస్తా."

"వచ్చే వారం పాలు మర్చిపోతాను సార్" అంది వంటక్క, అడక్కుండానే ఇంకో గరిటె చిక్కుళ్ళు వేస్తూ.