నాన్నని వేసేస్తానన్నాడు

రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనకి ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటాయి.

మా నాన్న వయొలిన్ విద్వాంసుడు. రామచంద్రపురంలో మా గోడ మీద నూరేళ్ల కిందటి ఫ్రెంచి చిత్రం అచ్చుప్రతి ఉండేది. అందులో పాలిపోయిన మొహంతో ఒక వయొలిన్ కళాకారుడు. "ఈయన్ని వేసింది ఈయన ప్రాణస్నేహితుడేనమ్మా," అన్నాడు నాన్న. చిన్నప్పుడు నేను చూసే సినిమాల్లో వేసేయడమంటే చంపడమే.

ఓ ఉదయం నాన్న స్నేహితుడు, సైన్‌బోర్డులు రాసే సూరిబాబు మామయ్య వచ్చాడు. "బావా, వయొలిన్ పట్టుకుని కూర్చో. ఇవాళ నిన్ను వేసేస్తాను!"

నాన్న మొహం, మెడ గీయడం అయ్యాక అతను ఎర్రరంగు కుంచె ఎత్తగానే ఎగిరి అతని చెయ్యి కొరికాను. నెత్తురొచ్చింది. కుంచె జారి, బొమ్మలో నాన్న మెడకు అడ్డంగా ఎర్రగీత పడింది.

"చెరపను బావా," అన్నాడు మామయ్య, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "నీ జోలికొస్తే కరిచే మనిషుందని తెలియాలి కదా."

నాన్న పోయాక ఆ బొమ్మకే దండ వేశాం. స్నేహితుడు అందులో ఆయనకు ప్రాణం పోశాడు. మెడ మీద కత్తిగాటు మాత్రం నాది.