అమ్మిరాజు ఎడారి వేట

అమ్మిరాజు చెప్పే కబుర్లలో సగం అబద్ధాలు. అది ఏ సగమో ఆయన భార్య నూకరత్నానికి తప్ప పేటలో ఎవరికీ తెలియదు.

నరసాపురం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే మొగకి ఇవతల ఉంటుంది ఆ పేట. అమ్మిరాజు అక్కడ బోటు సరంగు, అంటే బోటు నడిపేవాడు. సముద్రం మీద నోరు విప్పడు. ఒడ్డెక్కి అరుగు మీద చతికిలబడ్డాడంటే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. ఓ తిమింగలం తన బోటుకి వీపు గోక్కుందని, పాపం మూగజీవం కదా అని గోక్కున్నంతసేపూ ఇంజను ఆపి ఉంచానని, పోతూపోతూ అది తోకతో దండం పెట్టిందని చెప్పేవాడు. వినేవాళ్ళు నవ్వాలో నమ్మాలో తేల్చుకోలేక నూకరత్నం ముఖంకేసి చూసేవాళ్ళు. ఆవిడ ఎండుచేపలు తిరగేసుకుంటూ ఏమీ ఎరగనట్టు కూర్చునేది.

ఆ గుట్టు ఆవిడ చెప్పింది ఒక్కరికే. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు లక్ష్మీదుర్గకి. ఆ పిల్ల భీమవరం దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"మీ నాన్న అబద్ధం చెప్పేటప్పుడు వరదగోదారేనే. ఎక్కడా ఆగడు. నిజం చెప్పాల్సొస్తేనే ఇసకమేట తగిలిన పడవలా ఆగి ఆగి పోతాడు. తడుముకున్నాడంటే నమ్ము."

"పెళ్ళిచూపుల్లో ఏం మాట్లాడాడమ్మా?"

"ఏం మాట్లాడాడు! పేరు చెప్పడానికే నాలుగుసార్లు తడుముకున్నాడు. అందుకే చేసుకున్నా."

ఏటా ఏప్రిల్ నడిమికి చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లన్నీ ఆపేస్తారు. మళ్ళీ జూన్ నడిమిదాకా సముద్రంలోకి పోకూడదు. పేటలో మగాళ్ళంతా ఆ రెండు నెలలూ వలలు బాగుచేసుకుంటూ, పేకాడుకుంటూ ఉంటే అమ్మిరాజు ఒక పాత బుల్లెట్ బండి సంపాదించి దేశం మీద పడ్డాడు. మొదట అరకు కొండలు, తర్వాత ఊటీ. యాభై దాటిన ఏడాది ఏకంగా లడఖ్.

నూకరత్నానికి బండైనా ఒకటే, బోటైనా ఒకటే. బోటు ముక్కుకి పూసినట్టే బుల్లెట్ ముందు చక్రానికి పసుపు పూసి, కుంకం బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టేది. భర్త ఊళ్ళు తిరగబోతున్నాడని అనేది కాదు. వేటకెళ్తున్నాడనేది.

"నేల మీద పోయేదానికి ఇన్ని మర్యాదలెందుకే?" అని పక్కింటి ముసలావిడ పెద్దింట్లమ్మ దెప్పింది.

"నేల మీద మాత్రం మొగ ఉండదా పిన్నీ?"

మొగ మాట ఆవిడ ఊరికే అనలేదు. ఆ పేటలో ఒక ఆనవాయితీ ఉంది. వేటకి బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవరు. ఎప్పుడొస్తావని అడగరు. నీళ్ళలోకి వెళ్ళాక, ఇంట్లో ఏం జరిగినా కబురు పెట్టి వెనక్కి రప్పించరు. ఇప్పుడు బోట్లలో వైర్‌లెస్ సెట్లున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి, అయినా అంతే. నూకరత్నం చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం ముదిరితే, తండ్రిని పిలవడానికి మేనత్త ఒడ్డున నిలబడి ఎర్రచీర ఊపింది. ఆయన కంగారుగా, పోటొచ్చి నీళ్ళు పెరగకముందే మొగ దాటబోయాడు. పడవ బోల్తా కొట్టింది. తమ్ముడు బతికాడు. తండ్రి దొరకలేదు.

లడఖ్ నుంచి అమ్మిరాజు రోజూ సిగ్నల్ దొరికిన చోటల్లా ఫోన్ చేసేవాడు. తల్లీకూతుళ్ళు స్పీకర్ పెట్టుకుని వినేవాళ్ళు.

"రత్నం, ఇక్కడ యాక్ అని ఒక బొచ్చుగేదె ఉంటుంది. నా బుల్లెట్ చప్పుడు విని తప్పిపోయిన మొగుడనుకుని వెంటపడిందే! పొద్దుట్నించీ కొండెక్కితే కొండెక్కుతుంది, దిగితే దిగుతుంది. ఆఖరికి బండాపి, అమ్మా నాకు పెళ్ళయింది, ఈ బండికి కూడా అయిందని నచ్చజెప్పి పంపించా."

"తెలుగులోనే చెప్పావా?"

"ప్రేమకి భాషెందుకే!"

తిరిగొచ్చేటప్పుడు అక్కడి ఎండు ఆప్రికాట్లు తెచ్చాడు. నూకరత్నం ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, "ఎండబెట్టడం వాళ్ళకీ వచ్చన్నమాట" అంది. ఎండుచేపల మనిషి నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఉండదు. ఆ తర్వాత మెల్లగా, "ఈసారి నేనూ వస్తా" అంది.

మరుసటేడు ఎడారి అనుకున్నారు. మే నెలలో ఎడారికి ఎవడెళ్తాడని పేటంతా నవ్వింది. వేట ఆపేదే అప్పుడైతే ఏం చేస్తాం అన్నాడు అమ్మిరాజు. వెనక సీటుకి కొత్త మెత్త వేయించాడు. నూకరత్నం పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పంజాబీ డ్రెస్సు కుట్టించుకుంది. నీలం రంగు, పసుపుపచ్చ చున్నీ. తొడుక్కుని అద్దంలో చూసుకుని, సిగ్గేసి, పైన చీర కప్పుకుంది.

మార్చిలో, అమ్మిరాజు సముద్రం మీద ఉండగా, పాలకొల్లు సంతలో చేపలబుట్ట ఎత్తుకోబోయి ఆవిడ కూలబడిపోయింది. లక్ష్మీదుర్గ రాజమండ్రి తీసుకెళ్ళి చూపించింది. గుండె కవాటం బాగా పాడైందని, ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పాడు.

"మీ నాన్నకి చెప్పకు" అంది నూకరత్నం, బస్సులో వస్తూ. "చెబితే వెళ్ళడు. ఆయన వెళ్ళొచ్చేలోగా కోయించేసుకుని, వచ్చేసరికి లేచి పులుసు పెడతా."

"తర్వాత తెలిస్తే నన్ను చంపేస్తాడమ్మా."

"పులుసు తిన్నాక చంపమను."

భర్తతో మాత్రం మోకాళ్ళ నొప్పులంది. ఆయన నీరుగారిపోయాడు. ఆ మర్నాటికి తేరుకుని, నీలం డ్రెస్సు మడతపెట్టి సంచిలో సర్దుకున్నాడు. "నువ్వు రాకపోతే మానె. ఇదొచ్చి చూసొస్తుంది."

"అయితే దానికి కాస్త ఇసక కట్టి పంపించు. మన ఇసక లాంటిదేనేమో చూద్దాం" అంది ఆవిడ. బండి కదిలాక గుమ్మంలోనే నిలబడింది. వెనక నుంచి పిలవలేదు.

ఆయన నాగపూర్ దాటిన వారమే ఆవిడ ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆపరేషన్ వాయిదా వేశారు. మందులతో నీరు తగ్గితే అప్పుడు చూద్దామన్నారు. నీరు తగ్గలేదు.

ఆసుపత్రి మంచం మీద కూడా ఫోన్ స్పీకర్ పెట్టించుకునేది. ఒక ఒంటె తన బండి ట్యాంకు వాసన చూసి, ఇంత తాగి ఇంతేనా నడిచేదని వెక్కిరించిందన్నాడు అమ్మిరాజు. ఇసకలో వలేస్తే ఇసకచేపలు పడ్డాయని, అవి పుట్టడమే ఎండి పుడతాయని, నూకరత్నం బతుకుతెరువు ఇక పోయినట్టేననీ అన్నాడు. ఆవిడ నవ్వబోతే దగ్గొచ్చింది. పక్కనున్న మిషను కూసింది.

"ఏంటే ఆ చప్పుడు?"

"దుర్గ కొత్త ఫ్రిజ్ కొందిలే. తలుపు సరిగా వెయ్యకపోతే కూస్తుందంట."

"మన పేటలో కూసే ఫ్రిజ్జా! నీకంటే నేనే నయం" అని పకపకా నవ్వాడు. ముప్పయ్యేళ్ళు కోతలు కోసిన మనిషి, పెళ్ళాం కోసిన ఒక్క కోతని పట్టుకోలేకపోయాడు.

ఒక సాయంత్రం జైసల్మేర్ అవతల నుంచి చేశాడు. 

"రత్నం... ఇక్కడ... ఏం చెప్పనే. దిబ్బెక్కాను. అంతా... మన సముద్రమే. అలలున్నాయి. చూసినంత దూరం... అలలే. చప్పుడు... లేదే. అసలు చప్పుడే... నువ్వుండుంటే..."

నూకరత్నం కళ్ళు మూసుకుని విన్నది. కూతురివైపు తిరిగి, పెదాలతోనే, "ఇది నిజం" అంది.

ఆ మర్నాడు డాక్టరు లక్ష్మీదుర్గని పక్కకి పిలిచి, రావలసినవాళ్ళెవరైనా ఉంటే రమ్మనండి అన్నాడు. ఆ పిల్ల మంచం దగ్గరికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"వద్దు" అంది తల్లి.

"అమ్మా, నీకు తెలీదు..."

"నాకే తెలుసు. నువ్వు చెప్పావంటే తిండీ నిద్రా మానేసి బండి మీదే ఉంటాడు. ఆ లారీల మధ్య... మీ తాతకి మొగ ఎలాగో, ఆయనకి ఆ రోడ్డు అలాగ."

"బండి అక్కడ పడేసి విమానమెక్కమందాం."

"ఆయన బోటు వదిలేసి ఒడ్డుకొచ్చిన రోజు ఒక్కటి చెప్పు." ఊపిరందక ఆగింది. "వేటలో ఉన్నాడే దుర్గా. పిలవకు. నా మీద ఒట్టు."

లక్ష్మీదుర్గ వరండాలోకొచ్చి నంబరు నొక్కింది. వెంటనే ఎత్తాడు. వెనకాల ఎవరో హిందీలో నవ్వుతున్నారు, టీ గ్లాసుల చప్పుడు. "చెప్పవే బంగారం!" అన్నాడు తండ్రి. గొంతులో అంత వెలుతురు ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు. ఎర్రచీర తన చేతిలోనే ఉన్నట్టు అనిపించింది.

"ఏం లేదు నాన్నా. ఊరికే చేశా."

"ఇక వెనక్కి తిప్పేశానే. వచ్చేస్తున్నా."

ఆయన తెలుగునేల మీద అడుగుపెట్టిన పొద్దున్నే నూకరత్నం పోయింది.

పేటకి తీసుకొచ్చి అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. ఇప్పుడైనా చెబుదామంది లక్ష్మీదుర్గ. పెద్దింట్లమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "గుమ్మం దాకా వచ్చినోడమ్మా. కంగారెట్టకు, మొగ దాటనీ" అంది. అందరూ కూర్చుని ఎదురుచూశారు.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో ముందు బుల్లెట్ చప్పుడు వినిపించింది. గట్టు మీద, ఐస్ ఫ్యాక్టరీ దాటాక, వంతెన ఎక్కుతూ. మలుపు దగ్గర ఎప్పుడూ కొట్టే హారన్ కొట్టాడు, రెండు పొట్టివి, ఒక పొడుగుది. రత్నం, నేనొచ్చా అని దానర్థం. ఆ హారన్ విని ఏటా గుమ్మంలోకొచ్చే మనిషి ఈసారి రాలేదు. పేటంతా తలలు దించుకుంది. ఆయన టెంటు చూశాడు. కుర్చీలు చూశాడు. ఇంజను ఆపాడు. ఒళ్ళంతా దుమ్ముతో, హెల్మెట్ తియ్యకుండానే లోపలికెళ్ళి పెట్టె ముందు నిలబడ్డాడు. సంచిలోంచి పసుపుపచ్చ చున్నీ తీశాడు. దాని కొంగున మూటగట్టి ఇసక ఉంది. పెట్టె తెరిపించి, ఆ మూటని ఆవిడ చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు. కార్యాలన్నీ అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, అయినా మాట్లాడలేదు. పెట్టింది తినేవాడు. బుల్లెట్ పెరట్లో అలాగే ఉంది, చక్రాలకి ఎడారి దుమ్ముతో. అరుగు మీద కబుర్లు లేవు. ఎవరైనా ఎడారి గురించి అడిగితే, "వేడి" అనేవాడు. తిట్టినా బాగుండేది, చెంప మీద కొట్టినా బాగుండేది అనుకునేది లక్ష్మీదుర్గ. ఫ్యాక్టరీలో రొయ్యల తూకం చూస్తున్నా, ఆ వరండా, ఆ ఫోను, "ఊరికే చేశా" అన్న తన గొంతే వినపడేవి.

జూన్‌లో సముద్రం తెరిచారు. తెల్లారేసరికి బోట్లన్నీ పసుపూ కుంకాలతో సిద్ధమయ్యాయి. లక్ష్మీదుర్గ తండ్రికి క్యారేజీ కట్టిచ్చి, తల్లి నిలబడే చోటే నిలబడింది. ఆయన తీసుకుని నడిచాడు. ఆ పిల్ల పిలవలేదు.

వీధి మలుపు దాకా వెళ్ళిన అమ్మిరాజు, ఎవరూ పిలవకుండానే, వెనక్కి తిరిగాడు. పేటలో వేటకి బయల్దేరిన మనిషి అలా రావడం ఎవరూ ఎరగరు. వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకన్నీ ముందే తెలుసే దుర్గా. ఫ్రిజ్ కూసిందన్నప్పుడే పట్టేశా. ఆ కూత ఆసుపత్రి మిషనుదని నాకు తెలీదా? ఆ పూటే మీ అమ్మకి విడిగా ఫోన్ చేశా, నువ్వు టీకి కిందకెళ్ళినప్పుడు. మొత్తం చెప్పేసింది. అమ్మాయికి మాత్రం నీకు తెలుసని చెప్పకు, బెంగెట్టుకుంటుందంది. డాక్టరుతో కూడా మాట్లాడించింది. మీరొచ్చినా చేసేదేం లేదు, నిదానంగా రండి అన్నాడు. ఇద్దరం అనుకునే చేశాం. చివరి రోజు దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. నువ్వు చెప్పి ఉంటే ఏదో అయ్యేదని మనసులో పెట్టుకోకు. జోధ్‌పూర్‌లో ఒక ముసలి ఒంటె కూడా అదే చెప్పింది నాతో, పిల్లనేం అనకురా అని."

 లక్ష్మీదుర్గ, ఎక్కడో ఒకచోట ఆగుతాడేమో, ఒక్క మాట దగ్గరైనా తడుముకుంటాడేమోనని చెవులు రిక్కించి వింది. వరదగోదారిలా సాగిపోయాడు.

"అలాగా నాన్నా" అంది. "అమ్మ నాకు చెప్పనే లేదు."

ఆయన క్యారేజీ చేతిలోకి తీసుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఈసారి తిరిగి చూడలేదు.

"నీ మీద... కోపం... వచ్చిందే. చాలా... ఇంకా... కొంచెం ఉంది. అది..." క్యారేజీ చెయ్యి మార్చుకున్నాడు. "పోతుంది... అనుకుంటా."

ఆ పిల్ల అది నమ్మింది. ఆయన మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా గుమ్మంలోనే నిలబడింది.