కవీరా రాయించిన నిబంధన

విన్నిపెగ్‌లో శరణార్థులకు కాగితాలు నింపిపెట్టే మా సంస్థలో కవీరా పదకొండేళ్లు పనిచేసింది. కాంగో మనిషి. తొలి రోజుల్లో వచ్చినవాళ్లు ఆమెను చూసి, "తెల్లావిడ లేదా?" అని అడిగేవారు. గొడవెందుకని మేనేజరు ఫైలును తెల్లావిడైన జానిస్‌కు మార్చేసేవాడు. జాతివివక్షకు వ్యతిరేకంగా మాకొక విధానపత్రం ఉండేది. బాగానే రాశారు, ఎవరూ చదవలేదు.

కవీరా మూడేళ్లు పోట్లాడి అందులో ఒక నిబంధన చేర్పించింది: రంగు చూసి ఉద్యోగిని మార్చమంటే మార్చకూడదు, అడిగింది ఎవరైనా సరే.

ఆ నిబంధన వచ్చాక మొదట అలా అడిగింది ఆమె ఊరివాడే. కకూలే ముసలాయన కాంగోలోని బేనిలో వాళ్ల వీధి చివర సైకిళ్లు బాగుచేసేవాడు. భార్య మసీకా ఉగాండా శిబిరంలో జబ్బుతో ఉంది. ఆమెను కెనడాకు రప్పించుకోవాలి.

"తల్లీ, ఏమనుకోకు. నా ఫైలు ఆ జానిస్ గారికియ్యి."

"నాకు పని రాదనా బాబాయ్?"

"రాకపోవడమేంటి, ఆవిడకంటే నీకే బాగా వచ్చు. కానీ నువ్వు వీసా ఆఫీసుకు ఫోన్ చేస్తే నీ పేరే నాలుగుసార్లు అడుగుతారు."

"ఆవిడకైనా అరగంట లైన్లో ఉంచి పాటలే వినిపిస్తారు."

"వినిపిస్తారు. ఆ తర్వాత మాట్లాడతారు!"

కవీరా నవ్వింది. ఫైలు మాత్రం వదల్లేదు. ఒక్క తప్పు లేకుండా నింపింది, వారం వారం ఫోన్ చేసింది, అడిగినన్నిసార్లూ పేరు చెప్పింది.

పద్నాలుగో నెలలో మసీకా శిబిరంలోనే పోయింది. అనుమతి ఉత్తరం ఆ తర్వాత పంతొమ్మిది రోజులకు వచ్చింది. కవీరా జానిస్ పాత ఫైళ్లన్నీ తిరగేసింది. తొమ్మిది నెలల్లో తేలినవి ఉన్నాయి, పదహారు నెలలు పట్టినవీ ఉన్నాయి. వాటినిబట్టి ఏమీ చెప్పలేం.

కకూలే తిట్టడానికి వస్తాడనుకున్నాం. తిట్టినా బాగుండేది. ఆయన వచ్చి ఆమెనే ఓదార్చాడు.

"నువ్వేం చేస్తావు తల్లీ! తప్పు నాది. ఇంకోసారి గట్టిగా అడగాల్సింది."

మసీకా పెంచిన మనవరాలు ఇప్పుడక్కడ ఒంటరిగా ఉంది. ఆ పిల్లకు వేరే దరఖాస్తు పెట్టాలి. ఆయన కాగితాలు కవీరా బల్లమీద పెట్టాడు. ఈసారి ఏమీ అడగలేదు.

కవీరా లేచి, వాటిని తనే తీసుకెళ్లి జానిస్ బల్లమీద పెట్టింది. జానిస్ ఏదో అనబోయింది.

"నీ పేరుమీదే పంపు," అంది కవీరా.

ఆ పిల్ల వచ్చేదాకా కవీరా మా దగ్గర ఉండలేదు. ఆ ఎండాకాలమే ఉద్యోగం మానేసింది.