వేడినీళ్ల పిండికట్టు

మా ఆస్పత్రిలో ఎముకలు విరిగినవాళ్లకు పిండికట్లు వేసే ఆయన్ని అందరం కట్ల బాబాయి అంటాం. నర్సుగా ఆరేళ్లు ఆయన పక్కనే పనిచేశాను. ఆ కట్లు వేసే గది సంగతి అడక్కండి. ఆయన సెలవు పెట్టిన రోజున పొద్దున నింపిన బకెట్‌లోనే సాయంత్రం దాకా కట్టుగుడ్డలు ముంచేవాళ్లు. అడుగున పిండి మడ్డి, పైన వెంట్రుకలు, ఎవరి ఒంటి పొట్టో. బాబాయి మాత్రం ప్రతి రోగికీ బకెట్ పారబోసి చన్నీళ్లు పట్టేవాడు.

"పిండిని బట్టీలో కాల్చి దాని ఒంట్లో నీళ్లు తీసేస్తారమ్మా. మళ్లీ నీళ్లు తగిలితే గట్టిపడుతూ ఆ వేడంతా కక్కేస్తుంది. వేడినీళ్లయితే ఒక్కసారే కక్కుతుంది," అనేవాడు. కట్టు చల్లారేదాకా దాని మీద నుంచి అరచెయ్యి తీసేవాడు కాదు. పావుగంట! బయట వరుస కదిలేది కాదు. ఆయనకు నత్త అని పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కొత్తగా వచ్చిన డాక్టరుకు ఈ నత్తనడక చూసి ఒళ్లు మండింది. త్వరగా గట్టిపడుతుందని వేడినీళ్లు పెట్టమన్నాడు. బాబాయి రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి వేడినీళ్లే పట్టాడు.

ఆ రోజు బట్టలు కుట్టే ఆవిడ కుడి మణికట్టు విరిగి వచ్చింది. డాక్టరు దగ్గరుండి బాబాయి చేత రెట్టింపు పొరలు వేయించాడు. చెయ్యి దిండు మీద పెట్టించి, దుప్పటి కప్పించి, బాబాయిని తర్వాతి రోగి దగ్గరికి పంపాడు.

"మండుతోందమ్మా," అంది ఆవిడ నాతో.

"వెచ్చగానే ఉంటుందమ్మా, ఓర్చుకోండి," అన్నాను నేను. రోజుకు ముప్పైసార్లు అనే మాట అది. ఎవరికైనా అదే చెబుతాం, ఆలోచించం.

"చాలా మండుతోందమ్మా," అంది మళ్లీ. నేను తలైనా తిప్పలేదు. ఆవిడ పళ్లు బిగించుకుని కూర్చుంది. ఓర్పు గల మనిషని మనసులో మెచ్చుకున్నాను కూడా. ఛీ!

పావుగంట తర్వాత బాబాయి వచ్చి దుప్పటి కింద చెయ్యి పెట్టాడు. వెంటనే రంపం అందుకున్నాడు. ఎవరు కొయ్యమన్నారని డాక్టరు అరిచినా వినిపించుకోలేదు. లోపల చర్మం బొబ్బలెక్కి, దూదితో పాటే ఊడివచ్చింది.

"కత్తెర పట్టుకోగలనా అన్నయ్యా?" అని బాబాయిని అడిగింది ఆవిడ.

గాయానికి మందు వేశాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "కేసు కాగితంలో ఇంట్లోనే కాలిందని రాసెయ్యండి," అన్నాడు. చెప్పుకోవడానికే అసహ్యంగా ఉంది, 'ఇంట్లో' వరకు రాశాను.

బాబాయి అది చూశాడు. మళ్లీ వేడినీళ్లు పట్టి, అన్నే పొరలు ముంచి తన ఎడమచేతికి చుట్టుకుని, దుప్పటి కప్పుకుని డాక్టరు ఎదుట కూర్చున్నాడు.

"దుప్పటి కింద ఈ కట్టు మీద చెయ్యి పెట్టండి సార్. చల్లారేదాకా తియ్యకండి."

డాక్టరు నవ్వుతూ పెట్టాడు. కాసేపటికి నవ్వు పోయింది. ఇంకాసేపటికి చెయ్యి లాగేసుకున్నాడు. బాబాయి మొహమంతా చెమటలు పోస్తున్నా కట్టు విప్పుకోలేదు.

రాసింది కొట్టేశాను. వేడినీళ్ల కట్టు వల్ల ఈ గదిలోనే కాలిందని రాసి సంతకం పెట్టాను. అంతా చూస్తున్న ఆవిడ మెల్లగా అంది: "నేను రెండుసార్లు చెప్పాను కదమ్మా."