గేటు దగ్గర ఎదురుకోలు

కొత్తవలస దాటాక మా ఆటో రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. పక్కనే పెళ్లికొడుకు కారు, వెనక మేళం వాళ్ల వ్యాను. గేటు అవతల ఆడపెళ్లివాళ్లు పానకం బిందెలతో ఎదురుకోలుకి నిలబడి ఉన్నారు.

పెళ్లికొడుకు మేనత్త కారు దిగి గేటుమ్యాన్ దగ్గరికి వెళ్లింది. "తియ్యి బాబూ, ముహూర్తం దాటిపోతాది. మా సర్పంచి మావ ఎమ్మెల్యే గారికి ఫోను కొడతన్నాడు."

"కొట్టమనమ్మా. రోడ్డు రాష్ట్రానిది, అక్కడ ఆయన మాట సెల్లుతాది. గేటు కేంద్రానిది. దీనికైతే ఢిల్లీకి కొట్టాల."

"అయితే ఢిల్లీకే కొట్టు మావా" అందావిడ, నవ్వకుండా. సర్పంచి నిజంగానే ఫోనులో నంబరు వెతకడం మొదలుపెట్టాడు. కర్నూలు నుంచి మగపెళ్లివారి తరఫున వచ్చిన నాకు నవ్వు ఆగలేదు.

ఇంతలో గూడ్సు వెళ్లిపోయింది. గేటు లేచింది. ఒక్కరూ కదల్లేదు.

"మగపెళ్లివాళ్లం, మేం ఎదురెల్తామేటి? ఆళ్లే రావాల" అంది మేనత్త.

"మా పొలిమేర ఇక్కడితో సరి. మీరే రండి" అని అవతల నుంచి కేక.

గేటుమ్యాన్ తాపీగా అన్నాడు: "మీరు తేల్సుకునేలోగా ఇంకో బండి వస్తాది. మళ్లీ ఏసెత్తాను."

అంతే. కారు, మేళం, మా ఆటో, అందరం ఒక్క ఊపున పట్టాలు దాటేశాం. సన్నాయి అందుకుంది. మర్యాద ఎవరిదో మరి ఎవరూ అడగలేదు.

మగపెళ్లివారి పెద్దకిచ్చే మొదటి గ్లాసు పానకం మేనత్త చేతికొచ్చింది. ఆవిడ తాగలేదు. వెనక్కి నడిచి గేటుమ్యాన్‌కి అందించింది.

"తాగు బాబూ. ఈయేళ మా రెండిళ్లకీ పెద్ద వియ్యంకుడివి నువ్వే."