హయాత్ బాషా తాగని నీళ్ళు

హయాత్ బాషా ఆ మధ్యాహ్నం నీళ్ళు ఎందుకు తాగలేదు? ఇన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు లేదు. భక్తి అనుకుందామంటే, ప్రయాణంలో ఉన్నవాడికి రోజా, అంటే ఉపవాసం, మాఫీ అని తోటి డ్రైవర్లకు చెప్పిందీ, దగ్గరుండి తాగించిందీ ఆయనే. మొండితనం అనుకుందామంటే, ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు.

ఆయనది రాయచోటి. దుబాయ్ వచ్చిన కొత్తలో అల్ కుసైస్‌లో లేబర్ క్యాంపు బస్సు తోలేవాడు. తర్వాత హెవీ లైసెన్సు తెచ్చుకుని అబుదాబి వైపున్న రువైస్ చేరాడు. రిఫైనరీలో డీజిల్ ట్యాంకరు నింపుకోవడం, రెండు వందల కిలోమీటర్ల అవతల ముసఫ్ఫాలో దించి రావడం. గడ్డం నెరిసింది, చత్వారం వచ్చింది. కొత్త కళ్ళజోడుతో ఏటేటా మెడికల్ కార్డు రెన్యువల్ చేయించుకునేవాడు.

ఆ దారిలో వేరే కంపెనీ డ్రైవరొకడు స్టీరింగు మీదే కునుకు తీసి ప్రాణం పోగొట్టుకున్నాక, ఈ కంపెనీలో నిబంధనలు బిగించారు. బిగించినవాడు కాకినాడ నుంచి వచ్చిన రవాణా సూపర్‌వైజరు దక్షిణామూర్తి. ఎన్ని గంటలు తోలారో, ఎక్కడ ఆగారో లాగ్‌బుక్కులో రాయాలి. కంప్యూటరు ఎవరి పేరు తీస్తే వాళ్ళు ఆ రోజే క్లినిక్కుకెళ్ళి మత్తుపదార్థాల పరీక్షకు మూత్రం ఇవ్వాలి. క్లినిక్కు మూసేలోగా ఇవ్వకపోతే నిరాకరించినట్టే లెక్క. నిరాకరిస్తే గేట్ పాసు రద్దు. గేట్ పాసు లేని ట్యాంకరు డ్రైవరుకి రువైస్‌లో పని లేదు, పని లేకపోతే వీసా లేదు.

డ్రైవర్లు గొణిగారు. హయాత్ బాషా గొణగలేదు. నిద్రొస్తే బండి పక్కకు తీసి పడుకునేవాడు, పడుకున్నానని రాసేవాడు. "డీజిల్ యాడికీ పారిపోదప్పా, తొందరపడితే పొయ్యేది మనమే" అనేవాడు. దక్షిణామూర్తికి ఆయనంటే ఒక ధైర్యం.

2007 రంజాన్‌లో కంప్యూటరు ఆయన పేరే తీసింది.

ఎండ నెత్తి మీదున్న వేళ ఖాళీ ట్యాంకరు యార్డులో పెట్టి దిగిన కాసేపటికి కబురందింది. క్లినిక్కులో నర్సు షాహీన్ కప్పు చేతికిచ్చింది. ఆమెది నల్గొండ. హయాత్ బాషా లోపలికెళ్ళి, చాలాసేపటికి ఖాళీ కప్పుతో బయటికొచ్చాడు.

"అర్ధగంట ముందర పిలిచింటే దండిగా ఇచ్చిందును కదమ్మా. బండి దిగంగానే పొయ్యొచ్చినా."

గుమ్మం దగ్గర తన మెడికల్ కార్డు కోసం కూర్చున్న కుర్ర డ్రైవరు ఖాదర్ హుస్సేన్ పకపకా నవ్వాడు. "మామూ, ఏం దాచిపెట్టినావో చెప్పు! తెల్లారి సహరీలో ఏం మింగినావు?"

"నీ మాదిరి మూడు ప్లేట్ల బిర్యానీ మింగలే లేరా."

నవ్వులు సద్దుమణిగాయి. గడియారం మాత్రం ఆగలేదు. రంజాన్ కాబట్టి క్లినిక్కు మూడింటికే మూసేస్తారు. దక్షిణామూర్తి క్యాంటీను అద్దాల వెనకనున్న ఫ్రిజ్‌లోంచి పెద్ద నీళ్ళ సీసా తీసుకుని పరుగున వచ్చాడు.

"బాషా భాయ్, తాగండి. ముసఫ్ఫా నుంచి ఇప్పుడేగా వచ్చారు, ప్రయాణమే కదండీ! మీరే చెబుతుంటారు కదా, పండగయ్యాక బదులుగా ఒకరోజు ఉపవాసం ఉంటే సరిపోతుందని."

"అవు సార్, సరిపోతాది."

"మరి తాగండి!"

హయాత్ బాషా చిన్నగా నవ్వి తల అడ్డంగా ఊపాడు. "ఈపొద్దుకు వద్దులే సార్."

ఖాదర్ హుస్సేన్‌కి నవ్వు పోయింది. "ఏం మామూ ఇది? పోయినేడు నాకు కళ్ళు తిరిగితే తిట్టి మరీ తాగించినావే! నీకొక షరియత్తు, మాకొక షరియత్తా?"

"నువ్వు స్టీరింగు కాడుంటివి. నేను కుర్చీలో కూసోనుండా" అన్నాడాయన. అది జవాబో, మాట దాటవేతో దక్షిణామూర్తికి అర్థం కాలేదు. ఈ నిబంధన రాసిన చేత్తోనే రద్దు కాగితం మీద సంతకం పెట్టాల్సి వస్తుందని మాత్రం అర్థమైంది. ఒక్కడికి సడలిస్తే రేపు నిజంగా మత్తుమందు మింగినవాడూ ఉపవాసమనే అంటాడు.

సాయంత్రపు అస్ర్ నమాజుకు ఇంకా సమయముంది కానీ, దారిలో చదవలేకపోయిన మధ్యాహ్నపు జొహర్ చదువుకుంటానని హయాత్ బాషా లేచాడు. నమాజుకు ముందు ముఖమూ కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ చేసుకోవాలి. పరీక్ష గదిలో ఎవరూ నీళ్ళు కలపకుండా కుళాయికి టేపు చుట్టేశారు. కప్పు నింపేదాకా ఆయన వాళ్ళ కళ్ళ ముందు నుంచి కదలకూడదు.

ఏం చేయాలో తోచక దక్షిణామూర్తి చేతిలోని సీసా మూత తీశాడు. బయట వరండాలో కూర్చోబెట్టి తనే నీళ్ళు వంచాడు. హయాత్ బాషా చేతులు కడుక్కున్నాడు. దోసిట పట్టిన చల్లటి నీళ్ళను నోట్లోకి తీసుకున్నాడు. బుగ్గలు నిండాయి. దక్షిణామూర్తి ఆ గొంతువైపే చూస్తూ ఉండిపోయాడు. ఒక్క గుక్క మింగినా ఎవరికీ తెలియదు. హయాత్ బాషా పుక్కిలించి చివరి చుక్క దాకా ఇసుకలో ఉమ్మేశాడు. ఇసుక వెంటనే పీల్చేసుకుంది.

మళ్ళీ మళ్ళీ వంచమన్నట్టు దోసిలి చాచాడు. కాళ్ళు కడుక్కోవడం ముగిసేసరికి సీసా అయిపోయింది.

గుమ్మంలోంచి షాహీన్ ఇదంతా చూసింది. నమాజు అయ్యేదాకా ఆగింది. తర్వాత గోడ గడియారం వైపు, దక్షిణామూర్తి వైపు చూసి, "సార్, మీ రూల్ల ఏమున్నది? మూడు గంటలకా, క్లినిక్ బంద్ అయ్యేలోపా?" అని అడిగింది.

"క్లినిక్ మూసేలోగా."

"తాళం నా తాన ఉన్నది. నేను బంద్ చేస్తలేను."

"ఉపవాసం విడవడానికి, ఇఫ్తార్‌కి మీరు ఇంటికి వెళ్ళాలి కదమ్మా? పిల్లలుంటారు కదా" అన్నాడు దక్షిణామూర్తి.

"మా ఆయన వంట సంగతి ఇయ్యాల పిల్లలకు ఎరుకైతది, ఏం గాదు" అంటూ ఆమె ఫోను తీసింది. "ఏమండీ, పకోడీ పిండి ఫ్రిజ్‌ల ఉంది, మాడగొట్టకుండ్రి. నేను రాను."

పొద్దుగుంకే దాకా ముగ్గురూ ఆ గదిలోనే కూర్చున్నారు. ఖాదర్ హుస్సేన్ కార్డు తీసుకుని పోయినవాడు ఖర్జూరాలు, సమోసాల పొట్లం పట్టుకుని తిరిగొచ్చాడు. మగ్రిబ్ అజాన్ వినబడగానే హయాత్ బాషా ఖర్జూరం కొరికి నీళ్ళు తాగాడు. ఒక గ్లాసు, మరొక గ్లాసు. "యల్లా మామూ, యల్లా!" అని ఖాదర్ తొందరపెడుతుంటే, "బండికి డీజిల్ పోసినట్టా రా?" అని కసిరాడు.

కప్పు నిండింది. షాహీన్ పరీక్ష పట్టీ ముంచింది. గీతలన్నీ ఒక్కొక్కటిగా తేలాయి.

"సాఫ్" అంది. "ఖలాస్ మామూ, పోయి రండి."

ఆ పూట ఆయన డ్యూటీ గంటలు అయిపోయాయి, బండి తీయకూడదు. క్యాంపుకెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు దక్షిణామూర్తి పెందరాళే ఆఫీసుకొచ్చాడు. రంజాన్‌లో ఈ పరీక్షలు ఇఫ్తార్ తర్వాతే పెట్టాలని ముదీర్‌కి, అంటే పై మేనేజరుకి, ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. హయాత్ బాషా లోడు కాగితాల కోసం వస్తే ఏం అనాలో కూడా మనసులో కూర్చుకున్నాడు. క్షమించమనాలా? ఎందుకలా చేశారని అడగాలా?

కిటికీ బయట ఇంజను చప్పుడైంది. దక్షిణామూర్తి ఉత్తరం వదిలి లేచాడు. హయాత్ బాషా కాగితాలు కౌంటరు కుర్రాడి దగ్గరే తీసుకున్నట్టున్నాడు, నిండు ట్యాంకరు అప్పటికే గేటు దగ్గరుంది. కాపలావాడు గేట్ పాసు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చాడు. అడ్డుకర్ర పైకి లేచింది. కళ్ళజోడు సర్దుకుంటూ హయాత్ బాషా ఆఫీసు వైపు చూడకుండానే ముసఫ్ఫా రోడ్డెక్కాడు.