చైన్‌వీల్‌కి అచ్చు తీసిన ఆవిడ

"సర్దుకుంటుంది" అన్న మాట వింటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. పళ్ళ డాక్టరు దగ్గర, వెనకగదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆవిడ పని. కొత్త సెట్టు పెట్టుకున్న పెద్దాయన "గుచ్చుకుంటోందమ్మా" అని గునిస్తే, డాక్టరు ముందుగదిలోంచి "నాలుగు రోజుల్లో సర్దుకుంటుందండీ" అని కేకేస్తాడు. ఆవిడ అప్పటికే చెయ్యి చాపి ఉంటుంది.

"సర్దుకోదు. పుండు పడుతుంది. ఇటివ్వండి."

సర్దుకుపోవడం గొప్ప గుణమని లోకం తెగ పొగుడుతుంది. పొగిడేవాళ్ళెవరూ సరిపోని పళ్ళతో ముద్ద నమిలిన పాపాన పోలేదు.

ఆ వెనకగది కిటికీ సైకిల్ పందేల ట్రాక్ వైపు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఒకచేత్తో పళ్ళు అరగదీస్తూ, ఓ కంట ఆ సిమెంటు ట్రాక్ మీద గిరగిరా తిరిగేవాళ్ళని చూస్తూ వచ్చింది. ఆ సైకిళ్ళది వేరే జాతి. వాటికి ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతో పాటు కాళ్ళూ తిరగాల్సిందే. కాసేపు కాళ్ళు ఆపి హాయిగా జారుకుంటూ పోదామంటే కుదరదు. బ్రేకులూ ఉండవు. పెడళ్ళకి కాళ్ళు ఎదురొడ్డి వేగం తగ్గించుకోవాలి. చైను ఊడిందంటే బండి మీద మన పెత్తనం మొత్తం ఊడినట్టే.

ట్రాక్‌లో ఆడవాళ్ళ జట్టు కడుతున్నారని తెలియగానే ఆవిడ వెళ్ళి పేరిచ్చింది. ఇంట్లో నవ్వారు. నవ్వనీ. ఆదివారం మొదటి సవారీ, శనివారం పొద్దున బళ్ళ పరీక్ష. బండి సరిగ్గా లేకపోతే ఆ చోటు వరసలో తర్వాత ఉన్నావిడకి పోతుంది. మళ్ళీ అవకాశం వచ్చే ఏడాదే.

ఫ్రేము పాతది దొరికింది. తక్కిన సామాను తెచ్చే బాధ్యత మరిది మీదేసుకున్నాడు. వద్దన్నా వేసుకున్నాడు. మొదట వెనకచక్రం తెచ్చాడు, ఫ్రీవీల్‌తో సహా.

"ఇది ఉండకూడదనే కదయ్యా నా మొత్తుకోలు!"

"ఎంత మెత్తగా తిరుగుతోందో చూడు వదినా!"

వెళ్ళి మార్చుకొచ్చాడు. తర్వాత చైనూ, పెడళ్ళ దగ్గర ఉండే పళ్ళచక్రం, అదే చైన్‌వీలూ వచ్చాయి. చైన్‌వీల్ పళ్ళు మందం, చైనేమో సన్నం. అది పళ్ళ మీద ఎక్కి కూర్చుందే గానీ కిందికి దిగలేదు.

"వెడల్పు చైను తెమ్మన్నానా లేదా? అదైతే సన్నపళ్ళ మీదా దిగుతుంది, మందపు పళ్ళ మీదా దిగుతుంది. ఇది అలా కాదు."

"చెప్పావు వదినా. కానీ ఇది బంగారు రంగులో ఉంది."

మళ్ళీ వెళ్ళాడు. శుక్రవారం సాయంత్రం చైన్‌వీల్‌ని పెడలు కడ్డీకి, అంటే క్రాంకుకి ఉండే అయిదు చేతుల మీద ఆనించి బోల్టులు పెట్టబోతే ఒక్కటీ దూరలేదు. రంధ్రాలు వెంట్రుకవాసి లోపలికి ఉన్నాయి.

"అయిదు రంధ్రాలన్నావు, అయిదూ ఉన్నాయిగా! పైగా అన్నీ మంచి కంపెనీవే."

"మంచి కంపెనీవైతే? మంచి కుటుంబాలు కదాని వీధిలో వాళ్ళందరికీ వరసపెట్టి పెళ్ళిళ్ళు చేసేస్తావా? నీ నోట్లో ఉన్నన్ని పళ్ళే మీ అన్నయ్యకీ ఉన్నాయి. నీవి పీకి ఆయనకి పెట్టనా?"

"మధ్యలో నన్ను లాగకండి," అన్నాడు భర్త పేపరు వెనకనించి. ఆ మాటతో ఊరుకున్నా బాగుండేది. "కొంచెం అటూ ఇటూ చేస్తే సర్దుకోదూ?"

ఆవిడ విసురుగా లేచింది. షాపు మూసేశారు, తెల్లారితే పరీక్ష. ఆ అయిదు రంధ్రాల చక్రం సంచిలో వేసుకుని ఆస్పత్రి వెనకగదికి వెళ్ళింది. అడ్డొచ్చిన చోట అరగదీయడం ఆవిడ చేతులకి పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. పళ్ళు నున్నగా చేసే మిషనుతో ఒక్కో రంధ్రాన్నీ బయటివైపు గీకి గీకి కోలగా చేసింది. ఇంటికొచ్చి పెడితే బోల్టులు దూరాయి. బిగించింది.

"చూశావా, సర్దుకుంది," అన్నాడు భర్త.

"సర్దుకోలేదు. నేను సరిచేశాను," అంది. తేడా ఉందనే నమ్మింది పాపం.

పొద్దున ట్రాక్ దగ్గర కోచ్ వెనకచక్రం పైకెత్తి పెడలు మెల్లగా తిప్పింది. వయసులో ఆవిడ కన్నా చిన్నది, మాటలో మాత్రం అత్తగారి కన్నా పెద్దది. చైను ఒకచోట తీగలా బిగిసింది, అర చుట్టు తిరిగేసరికి ఉయ్యాలలా వేలాడింది.

"చక్రం నడిమధ్యన కూర్చోలేదమ్మా. ఈ రంధ్రాలు పెద్దవి చేసిందెవరు?"

"నేనే."

"ఎందుకూ?"

నాలుక చివరిదాకా వచ్చిన జవాబు ఆవిడకి ముందే వినిపించింది. సర్దుకుంటుందని! తన నోట, ఆ మాట! భర్త మీదా మరిది మీదా డాక్టరు మీదా ఇన్నాళ్ళూ మండిన ఒళ్ళు, ఒక్కసారిగా తన మీదే మండింది.

"ఈ వదులు దగ్గర చైను ఊడుతుంది, వెనకచక్రం బిగుసుకుంటుంది, మీరు సిమెంటు మీద పడతారు. రేపు సవారీకి ముందు మళ్ళీ చూస్తాను. ఇలాగే ఉంటే మీ చోటు తర్వాతావిడకి."

పైగా పరీక్షకొచ్చిన బండి షెడ్డు దాటడానికి వీల్లేదు. ఇంటికి తీసుకెళ్ళి ఇంకేం గీకుతారోనని కోచ్ పెట్టుకున్న నియమం. ఆవిడ ఏ మొహంతో వాదిస్తుంది?

"ఈ చక్రమే పట్టుకెళ్ళి ఇలాంటిదే తెస్తా వదినా," అన్నాడు వెంట వచ్చిన మరిది.

"ఇలాంటిది తెస్తే మళ్ళీ ఇదే భాగోతం. నేను చెడగొట్టాక ఇది దేనికి కొలత?"

"పోనీ, స్కేలుతో కొలుచుకెళ్తా."

అతని కొలతల సంగతి ఆ ఇంట్లో తెలియనిదెవరికి? కిటికీకని కొలిచి తెచ్చిన తెర ఈనాటికీ భోజనాల బల్ల మీద పరిచి ఉంది.

ఆవిడ రోడ్డు దాటి ఆస్పత్రికి వెళ్ళి, నోటి అచ్చు తీసే మెత్తటి ముద్ద తెచ్చింది. చక్రం ఊడదీసి, ముద్దని బిళ్ళలా చరిచి క్రాంకు చేతుల మీద పెట్టి, రంధ్రాల్లోకి దిగేలా బొటనవేళ్ళతో నొక్కింది. "కదలకండి, గట్టిపడేదాకా," అంది, రోజూ అందరికీ చెప్పే అలవాటు కొద్దీ. మరిది కిసుక్కున నవ్వాడు.

"నువ్వూ కదలకు."

ముద్ద గట్టిపడ్డాక ఊడదీస్తే, బిళ్ళ మీద అయిదు బుడిపెలు నిలబడ్డాయి. ఆ అచ్చు మరిది చేతిలో పెట్టింది.

"ఏ చక్రం ఈ బుడిపెల మీద దానంతటది దిగుతుందో అదే తీసుకో. నొక్కితే దిగేది వద్దు. నీ పుణ్యముంటుంది, రంగు చూడకు."

మధ్యాహ్నం ఫోను మోగింది. "వదినా, షాపంతా కిందామీదా చేశాం. ఒక్కటే దిగింది. కానీ నల్లగా, మొద్దుగా, చూడ్డానికి ఏమాత్రం..."

"తీసుకురా!"

ఆదివారం పొద్దున కోచ్ మళ్ళీ పెడలు తిప్పింది. చైను చుట్టంతా ఒకే బిగువుతో తిరిగింది. కోచ్ నల్లచక్రాన్ని చూసింది, ఆవిడని చూసింది, "ఎక్కండి," అంది. మెచ్చుకోలు అంతే.

మొదటి చుట్టు భయంతోనే గడిచిపోయింది. అలవాటు కొద్దీ కాళ్ళు ఆపబోతే పెడళ్ళు ఈడ్చి ఒక్క తోపు తోశాయి. రెండో చుట్టుకి కాళ్ళకి బుద్ధొచ్చింది. కటకటాల దగ్గర భర్త రెండు చేతులూ ఊపుతూ అరిచాడు:

"చూశావా! ఆఖరికి అన్నీ సర్దుకున్నాయి!"

ఆగి కడిగిపారేద్దామంటే అది ఆగే బండి కాదు.

"వాటంతటవి..." అంటూ ఆవిడ అతన్ని దాటి దూసుకుపోయింది.

"ఏమంటోందన్నయ్యా వదిన?" అన్నాడు మరిది.

"ఇంకో చుట్టు ఆగు. తెలుస్తుంది."

ఇద్దరూ ఆగారు. ట్రాక్ అవతలి కొసన ఆవిడ వంగి మలుపు తిరిగింది. దగ్గరికొచ్చింది. మొహం ఎర్రబడింది, కాళ్ళు మాత్రం ఆగలేదు.

"...సర్దుకోలేదు!"